నా గుట్టు నేను చెప్పను

నేను సిమ్‌కార్డును. నా పొడవు 12.3 మిల్లీమీటర్లు, వెడల్పు 8.8. చిటికెన వేలి గోరంత ఉంటాను. మా పెద్దలు ఇంత చిన్నగా ఉండేవారు కాదు. 1991లో జర్మనీలోని మ్యూనిక్‌లో గీసెకె అండ్ డెవ్రియంట్ కంపెనీ తొలి సిమ్‌లు తయారుచేసి, 300 కార్డులను ఫిన్లాండ్‌లోని రాడియోలిన్యా అనే ఫోన్ సంస్థకు అమ్మింది. వాళ్ళది ఏటీఎం కార్డంత ఒళ్ళు. తరం మారేకొద్దీ ప్లాస్టిక్ తరిగి, నా వరకు వచ్చేసరికి బంగారు రంగు రేకు, దాని చుట్టూ సన్నటి అంచు మిగిలాయి.

ఆ రేకు కింది చిప్‌లో ఉంది నా ప్రాణం. అది 128 బిట్ల రహస్య సంఖ్య. నాకూ, నన్ను పంపిన నెట్‌వర్క్‌కూ తప్ప అది ఎవరికీ తెలియదు. ఫోన్ ఆన్ చేయగానే నెట్‌వర్క్ నుంచి ఒక సంఖ్య వస్తుంది. దాన్ని నా రహస్యంతో కలిపి లెక్క కట్టి జవాబు పంపుతాను. అక్కడా అదే లెక్క కడతారు. రెండూ సరిపోతేనే సిగ్నల్. ఇన్నేళ్ళుగా జవాబు చెబుతూనే ఉన్నాను గాని ఆ సంఖ్యను ఒక్కసారీ బయటపెట్టలేదు. నన్ను మోస్తున్న ఫోన్‌కు కూడా చెప్పలేదు.

2017లో తెనాలిలో మా అక్క నన్ను కొనుక్కుంది. ఇంట్లోనే మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మొదట్లో నాది మాటలు మోసే పనే. "జాకెట్టు అయిందా అక్కా?" "హుక్కులు కుడితే అయిపోయినట్టే, రేపు రా." తరువాత బ్యాంకు ఖాతాకు నా నంబరే ఇచ్చింది. ఆధార్‌కు, గ్యాస్ బుకింగ్‌కు, యూపీఐకి, వాట్సాప్‌కు కూడా నా నంబరే. ఇంటి తాళంచెవులన్నీ ఒకే గుత్తికి చేరాయి. ఆ గుత్తి నేనని అక్కకు తెలియదు. మోసగాడికి తెలుసు.

2023 వేసవి. పెళ్ళిళ్ళ రోజులు, అక్కకు తల ఎత్తే తీరిక లేదు. ఫోన్ మోగింది. "మేడమ్, మీ పార్సిల్ వచ్చింది. మా డెలివరీ బాయ్‌కి మీ నంబర్ కలవట్లేదు. నేను చెప్పే కోడ్ ఒకసారి డయల్ చేయండి." స్టార్ 401 స్టార్, ఆపైన పది అంకెలు. అక్క ఒక చేత్తో గుడ్డ పట్టుకుని రెండో చేత్తో నొక్కేసింది.

అది కాల్ ఫార్వర్డింగ్ కోడ్. ఆ పది అంకెలు వాడి నంబరు. ఆ క్షణం నుంచి నాకు రావలసిన ప్రతి కాల్ వాడికి వెళ్ళింది. సిగ్నల్ నిండుగా ఉండి కూడా నేను చెవిటిదాన్నయ్యాను. వాడు తన ఫోన్‌లో అక్క నంబరుతో వాట్సాప్ తెరిచి, ధ్రువీకరణ కోడ్‌ను కాల్ చేసి చెప్పమన్నాడు. ఆ కాల్ కూడా వాడికే పోయింది.

పావుగంటలో బంధువులకు సందేశాలు వెళ్ళాయి. "అర్జంటుగా ఎనిమిది వేలు కావాలి, సాయంత్రం ఇచ్చేస్తా." పిన్ని వెంటనే పంపేసింది. తమ్ముడు ఆగాడు. అతనికొచ్చిన సందేశంలో "మీరు పంపగలరా" అని ఉంది. ఊహ తెలిసినప్పటి నుంచి అక్క అతన్ని "ఒరే" అనే పిలిచింది! ఫోన్ చేస్తే ఎవడో ఎత్తి పెట్టేశాడు. బండి వేసుకుని ఇంటికే వచ్చాడు.

హ్యాష్ హ్యాష్ 002 హ్యాష్ నొక్కితే ఫార్వర్డింగులన్నీ రద్దయ్యాయి. నాకు మళ్ళీ చెవులొచ్చాయి. కానీ వాట్సాప్‌కు వాడు ఆరంకెల పిన్ పెట్టేయడంతో అక్క ఏడు రోజులు ఆగాల్సి వచ్చింది. ఆ పిన్ అక్కే ముందు పెట్టుకుని ఉంటే వాడు గడప దాటేవాడు కాదు. పిన్నికి మోసం సంగతి మర్నాడు తెలిసింది. సైబర్ మోసాలపై ఫిర్యాదు చేసే 1930కి ఫోన్ చేసేసరికి డబ్బు చేతులు మారిపోయింది. ఆ ఎనిమిది వేలు అక్క జాకెట్లు కుట్టి తీర్చింది.

ఇలాంటి కోడ్‌లతో కాల్ ఫార్వర్డింగ్ సేవను 2024 ఏప్రిల్ 15 నుంచి నిలిపేయాలని టెలికాం శాఖ ఆదేశించింది. ఒక దారి మూస్తే మోసగాడు ఇంకోటి వెతుక్కుంటాడు. అందుకే అక్క నాకూ తాళం వేసింది. ఇప్పుడు నన్ను తీసి వేరే ఫోన్‌లో వేస్తే ముందు పిన్ అడుగుతాను. మూడుసార్లు తప్పు కొడితే, తాళం తీయడానికి పీయూకే అనే ఎనిమిది అంకెల కోడ్ కావాలి. అదీ పదిసార్లు తప్పితే నేను శాశ్వతంగా మూతపడతాను. దొంగ చేతిలో బతకడం కన్నా నాకు అదే మేలు. తన పేరు మీద ఇంకెన్ని నంబర్లు ఉన్నాయో టెలికాం శాఖ వెబ్‌సైట్ సంచార్ సాథీలో అక్క చూసుకుంది. ఉన్నట్టుండి సిగ్నల్ పోయి తిరిగి రాకపోతే, ఎవరైనా డూప్లికేట్ సిమ్ తీసుకున్నారేమోనని వెంటనే కంపెనీని అడగాలనీ నేర్చుకుంది.

గోరంత నేను గుట్టు చెప్పకుండానే నేనెవరో రోజూ రుజువు చేసుకుంటున్నాను. మీ పిన్, మీ ఓటీపీ కూడా అంతే. ఫోన్ చేసి వాటిని అడిగేవాడు, ఏదో కోడ్ నొక్కమనేవాడు మీవాడు కాడు. పెట్టేయండి. ఈ రాత్రి పడుకునే ముందు వాట్సాప్ సెట్టింగ్స్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోండి. మీ అమ్మ ఫోన్‌లోనూ పెట్టండి.