మెదీచి వారికి అల్బిజ్జి రంగు

పట్టికలోని సమాచారాన్ని నెట్‌వర్క్ గ్రాఫ్‌గా మార్చాలంటే నిజానికి రెండు పట్టికలు కావాలి. ఎవరెవరు ఉన్నారో, వారి వివరాలేమిటో చెప్పేది నోడ్ల పట్టిక. ఎవరికి ఎవరితో సంబంధమో వరుసకొకటి చొప్పున చెప్పేది ఎడ్జ్‌ల పట్టిక. చాలా కార్యాలయాల్లో రెండోది మాత్రమే తెరుస్తారు, ఎందుకంటే బొమ్మ సాయంత్రానికి కావాలి.

ఈ పనిలో మూడు రకాల మనుషులు తగులుతారు. హడావుడిరావు బొమ్మ అడుగుతాడు, రంగారావు గీస్తాడు, శంకాశాస్త్రి వరుసలు లెక్కపెడతాడు. వీరి ముందున్నది పేరుపడ్డ పట్టికే. మెదీచి వంశం పైకి వచ్చిన తీరు మీద జాన్ పాడ్జెట్, క్రిస్టఫర్ ఆన్సెల్ 1993లో రాసిన వ్యాసంతో ప్రసిద్ధికెక్కిన ఫ్లోరెన్స్ సమాచారం అది. 15వ శతాబ్దం నాటి 16 కుటుంబాలు, వాటి మధ్య 20 వియ్యాలు.

హడావుడిరావు: ఏమయ్యా రంగారావూ, వియ్యాల పట్టిక ఉంది, పైథాన్ ఉంది. ఇంకా ఆలస్యం దేనికి?

రంగారావు: ఆలస్యమేం లేదు సార్, ఒక్క లైను పని. పాండాస్ డేటాఫ్రేమ్‌ను నెట్‌వర్క్‌ఎక్స్ చేతిలో పెట్టి, ఈ కాలమ్ వారికీ ఆ కాలమ్ వారికీ గీత గీయమని చెబితే గ్రాఫ్ తయారు. అదిగో, అయిపోయింది.

శంకాశాస్త్రి: నోడ్లు ఎన్ని వచ్చాయి నాయనా?

రంగారావు: పదిహేనండి.

శంకాశాస్త్రి: కుటుంబాలు పదహారు.

హడావుడిరావు: ఒక కుటుంబం అటూ ఇటూ అయితే కొంపలేం మునిగాయండీ?

శంకాశాస్త్రి: పుచ్చి వారి కొంప మునిగిందండి.

ఎడ్జ్‌ల పట్టిక నుంచి మాత్రమే కట్టిన గ్రాఫ్‌లో, ఏ వరుసలోనూ పేరు లేనివారు అసలు పుట్టరు. పుచ్చి కుటుంబానికి మిగతా పదిహేనింటిలో ఎవరితోనూ వియ్యం లేదు, కనుక గ్రాఫ్ దృష్టిలో వారు లేరు. నెట్‌వర్క్‌ఎక్స్ తనతోపాటు ఇచ్చే ఫ్లోరెన్స్ నమూనాలోనూ 15 కుటుంబాలే ఉంటాయి. దీనికి ఎదురు జబ్బు కూడా ఉంది. ‘మెదీచి’ అన్న పేరు ఒక వరుసలో మామూలుగానూ, ఇంకో వరుసలో చివర ఒక ఖాళీతోనూ టైపయితే రెండు మెదీచి వంశాలు వెలుస్తాయి. అంకెగా ఉన్న 101, అక్షరాలుగా ఉన్న 101 కూడా అలాగే వేర్వేరు మనుషులు. ఒకే జంట పట్టికలో రెండుసార్లు వస్తే మామూలు గ్రాఫ్ ఒకే గీత ఉంచి, చివరి వరుసలోని విలువను నిలుపుకొంటుంది. రెండూ కావాలంటే మల్టీగ్రాఫ్ అడగాలి, లేదా ముందే కూడి ఒక వరుస చేయాలి. వీటిలో దేనికీ ఎర్రర్ రాదు.

రంగారావు: రంగులు చూడండి సార్, అసలు అందం అక్కడుంది. నోడ్ల పట్టికలో ప్రతి కుటుంబం ఆస్తీ ఉంది. ఆ కాలమ్ మొత్తం తీసుకెళ్లి నోడ్ కలర్‌కు ఇచ్చేశా. ఎంత ఆస్తి ఉంటే అంత ముదురు రంగు.

హడావుడిరావు: ఏదీ? తెర మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తున్నాయేం?

రంగారావు: నోడ్లు 15, రంగులు 16 అంటోంది సార్. ఒక్క క్షణం. పుచ్చి వారిని విడిగా చేర్చేశా. ఎర్రర్ పోయింది!

హడావుడిరావు: శభాష్! ఎర్రర్ పోయిందంటే సరైపోయినట్టే కదా?

శంకాశాస్త్రి: ఆ ఎర్రర్ ఉన్నంతసేపే మనకు కాపలా ఉందండి. ఇప్పుడు అల్బిజ్జి వారు ముదురుగా, మెదీచి వారు వెలవెలబోతూ ఎందుకున్నారో అడగండి.

గ్రాఫ్‌లో నోడ్లకు ఒక క్రమం ఉంటుంది. పేరు మొదటిసారి ఏ వరుసలో కనిపిస్తే ఆ వంతున నోడ్ చేరుతుంది. రంగులు ఇచ్చే జాబితాకు పేర్లతో పని లేదు. మొదటి రంగు మొదటి నోడ్‌కు, రెండోది రెండోదానికి. వియ్యాల పట్టిక అచ్చాయువోలి–మెదీచి జంటతో మొదలవుతుంది, కాబట్టి మెదీచి రెండో నోడ్. ఆస్తుల పట్టిక అక్షర క్రమంలో ఉంది, అందులో రెండో పేరు అల్బిజ్జి. వియ్యాల పట్టికలో అల్బిజ్జి తొమ్మిదో పేరుగా వస్తుంది, ఆస్తుల పట్టికలో తొమ్మిదోది మెదీచి. ఫలితంగా ఈ రెండు వంశాలు ఒకరి ఆస్తి ఒకరికి కట్టబెట్టుకున్నాయి. 1433లో కోసిమో దె మెదీచిని ఫ్లోరెన్స్ నుంచి వెళ్లగొట్టించింది అల్బిజ్జి వర్గమే. మరుసటి ఏడే అతను తిరిగివచ్చాక వెళ్లిపోవలసి వచ్చింది కూడా వారే. అంత పగ ఉన్నవారికి ఒక లైను కోడ్ ఆస్తులు మార్పిడి చేసిపెట్టింది. అందరికంటే సంపన్నులైన స్ట్రోజ్జి వారి రంగు, వియ్యాల పట్టికలో చిట్టచివర కనిపించే లంబెర్తెస్కి వారి పాలైంది.

రంగారావు: ఆస్తుల పట్టికను వియ్యాల పట్టిక వరుసలో సర్దేస్తే సరి కదండీ?

శంకాశాస్త్రి: రేపు ఎవరో వియ్యాల పట్టికను ఇంకోలా సర్దుతారు, మళ్లీ మొదటికొస్తుంది. పేరును పట్టుకుని రంగు అడుగు నాయనా. గ్రాఫ్ తన నోడ్లను ఏ వరుసలో చెబుతుందో ఆ వరుసలోనే ఒక్కొక్క పేరూ తీసుకుని, పేరు తాళంగా ఉన్న డిక్షనరీలోంచి రంగు తెచ్చుకో. పేరు లేకపోతే అక్కడే ఎర్రర్ వస్తుంది, అదే మనకు కావలసింది.

ఇంకా మొదట్లోనే సరిచేసే దారి, ముందు నోడ్ల పట్టికనంతా గ్రాఫ్‌లో చేర్చి, ఆ తర్వాతే ఎడ్జ్‌లను చేర్చడం. ఇందులో రంగారావు పడే గొయ్యి ఒకటుంది. నోడ్లు నింపిన గ్రాఫ్‌ను పాండాస్ నుంచి ఎడ్జ్‌లు చదివే ఫంక్షన్‌కు ఇస్తే, అది ముందు గ్రాఫ్‌ను ఖాళీ చేసి తర్వాత నింపుతుంది. పుచ్చి వారు మళ్లీ మాయం. ఎడ్జ్‌లను విడిగా చేర్చే పద్ధతే వాడాలి. ఆర్ భాషలో ఐగ్రాఫ్ వాడేవారికి రెండు పట్టికలనూ ఒకేసారి ఇచ్చే వీలుంది. ఎడ్జ్‌లలో ఉన్న పేరు నోడ్ల పట్టికలో లేకపోతే అది పని ఆపేస్తుంది. శంకాశాస్త్రి పోలిక ఏ ప్రోగ్రాములోనైనా ఉందంటే ఇక్కడే.

హడావుడిరావు: సరే, రంగులు కుదిరాయి. కానీ స్ట్రోజ్జి వారు ముదురుగా ఉన్నారేం? ఊరినేలింది మెదీచి వారని నేనెక్కడో చదివానే!

శంకాశాస్త్రి: మీరు చదివిందీ నిజమే, బొమ్మా నిజమే. 1427 నాటి లెక్కల్లో స్ట్రోజ్జి ఆస్తి 146 వేల లీరాలు, మెదీచి ఆస్తి 103 వేలు. మెదీచి బలం డబ్బులో కాదు, దారిలో ఉంది. మిగతా ఏ రెండు కుటుంబాల మధ్య దగ్గరి బంధుత్వపు దారి చూసినా, సగటున సగానికి పైగా దారులు మెదీచి ఇంటి మీదుగానే పోతాయి. ఆ కొలత మెదీచికి 0.52, స్ట్రోజ్జికి 0.10.

రంగారావు: నాకు 0.45 వచ్చిందండి.

హడావుడిరావు: ఇప్పుడు మెదీచి వారి పలుకుబడి కూడా తగ్గిందా?

శంకాశాస్త్రి: పుచ్చి వారు వచ్చి కూర్చున్నారు కదండీ. ఇంతకుముందు 91 జంటలతో భాగించాం, ఇప్పుడు 105తో. పైన అంకె మారలేదు, 47.5.

ఏ కాలమ్‌ను రంగుగా మార్చాలన్నది కోడ్ తేల్చే విషయం కాదు. ఆస్తికి రంగు వేస్తే స్ట్రోజ్జి, దారులకు వేస్తే మెదీచి. అది తేల్చుకున్నాక రంగుల వరుస సంగతి. ఎక్కువ తక్కువలున్న విలువకు లేత నుంచి ముదురుకు పోయే ఒకే వరుస కావాలి. వర్గాల పేర్లకు మాత్రం ఒకదానితో ఒకటి పోలని విడి రంగులు కావాలి. రంగారావుకు ఇష్టమైన ఇంద్రధనుస్సు వరుస రెండింటికీ పనికిరాదు. బొమ్మలు గీసిపెట్టే మాట్‌ప్లాట్‌లిబ్ 2017లో విడుదలైన రెండో వెర్షన్‌తో దాన్ని పక్కనపెట్టి విరిడిస్ అనే వరుసను ముందుంచింది. ఇంద్రధనుస్సులోని ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియనివారు ఐరోపా సంతతి మగవారిలోనే సుమారు 8 శాతం ఉంటారు. పైగా ఆస్తి 146 నుంచి 3 దాకా ఉన్నప్పుడు, ఇద్దరు ముగ్గురు తప్ప అందరూ ఒకే లేతరంగులో కలిసిపోతారు. అప్పుడు లాగరిథం తీసుకోవడమో, విలువలను అంతస్తులుగా విడగొట్టడమో మేలు.

హడావుడిరావు: పుచ్చి వారు పైన మూలన ఉన్నారు. అంటే పెద్దవారనా?

రంగారావు: మళ్లీ నడుపుతా సార్, కిందికొస్తారు.

మామూలుగా వాడే స్ప్రింగ్ అమరిక ఫ్రుక్టర్‌మన్, రైన్‌గోల్డ్ 1991లో ఇచ్చిన పద్ధతి. నోడ్లు ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, గీతలు లాక్కుంటాయి. మొదటి స్థానాలు యాదృచ్ఛికం కనుక నడిపినప్పుడల్లా బొమ్మ మారుతుంది. సీడ్ అంకె ఇస్తే కుదురుతుంది. కుదిరినా పైన, కింద, ఎడమ, కుడి అన్నవాటికి అర్థమేమీ ఉండదు.

చివరగా మిగిలేది రంగుల వివరణ పట్టీ. నెట్‌వర్క్‌ఎక్స్ దాన్ని తనంతట తాను గీయదు. నోడ్లను గీసే ఫంక్షన్ తిరిగిచ్చే వస్తువును పట్టుకుని, కలర్‌బార్‌ను విడిగా అడగాలి. శంకాశాస్త్రి అడిగించాడు, పక్కన ‘ఆస్తి, వేల లీరాలు, 1427’ అని రాయించాడు.

హడావుడిరావు: ఆ పట్టీ తీసేయవయ్యా, మన లోగోకు చోటు చాలడం లేదు.