బల్లి పడితే బ్రాండింగ్

పంచాంగంలో బల్లి శాస్త్రానికి ఇప్పటికీ చోటుంటుంది. తల మీద పడితే ఒక ఫలం, భుజం మీద పడితే ఇంకో ఫలం. ఆ పేజీ చూసి అందరికంటే గట్టిగా నవ్వేది మన ఫ్రీలాన్స్ డిజైనర్లే. మాదాపూర్ కేఫులో కూర్చుని, లాప్‌టాప్ మూత నిండా స్టిక్కర్లు అంటించుకుని, నాయనమ్మ శకునాల మీద బోలెడు జాలి పడతారు. ఇంతలో అద్దం అవతల ఒక పసుపు ఆటో పోతుంది. పొద్దున తిన్న పులిహోరా పసుపే. ఎవరో వాట్సాప్‌లో పంపిన శుభోదయం పువ్వూ పసుపే. ఇంకేం, విశ్వం మాట్లాడేసింది! గుంటూరు పచ్చళ్ల కంపెనీకి బ్రాండ్ రంగు ఖాయమైపోయింది.

హైదరాబాదులో ఇంటి నుంచి కేఫు దాకా పసుపు ఆటో కంటపడకుండా వస్తే, అదీ అద్భుతమంటే.

శకునం అంటే నామోషీ కాబట్టి ఇలాంటి కాకతాళీయాలను సింక్రోనిసిటీ అంటారు. మానసిక వైద్యుడు కార్ల్ యూంగ్ 1952లో దీని మీద పెద్ద వ్యాసమే అచ్చేశాడు. అందులో ఒక పురుగు కథ ఉంది. వైద్యానికి వచ్చిన ఒకావిడ కలలో కనిపించిన బంగారు పేడపురుగు నగ గురించి చెబుతుండగా కిటికీ దగ్గర చప్పుడైంది. తెరిస్తే దాదాపు అలాంటి పురుగే లోపలికొచ్చింది. మన డిజైనర్లకు ఈ కథ కంఠతా వచ్చు. అదే గదిలో ఎందరు ఎన్ని కలలు చెప్పుకున్నారో, ఏ పురుగూ రాని మధ్యాహ్నాలు ఎన్ని గడిచాయో మాత్రం ఎవరూ అడగరు. రాని పురుగు మీద ఎవరూ వ్యాసం రాయరు కదా. ఒకసారి మనసుకెక్కిన వస్తువే ఎక్కడ చూసినా కనబడే ఈ జబ్బుకు ఆర్నాల్డ్ జ్విక్కీ అనే భాషాశాస్త్రవేత్త 2005లో ‘ఫ్రీక్వెన్సీ ఇల్యూజన్’ అని పేరు కూడా పెట్టాడు. పేరైతే పెట్టాడు గానీ మందు చెప్పలేదు.

పిచ్చి నమ్మకమని నాకు కోపం లేదు. ఈ సంకేతాలు మరీ వినయంగా ఉంటాయి, అదీ నా ఫిర్యాదు. డిజైనర్ గారికి పసుపు ఇష్టమైన వారంలో విశ్వానికీ పసుపే ఇష్టం. కొత్త ఫాంటు కొన్న మర్నాడు ఊళ్లో ప్రతి బోర్డూ ఆ ఫాంటునే పొగుడుతుంది. ‘గుంటూరు వెళ్లి, కిరాణా కొట్టు ట్యూబులైటు కింద నిలబడి, నూనె కారిన సీసా మీద ఈ రంగు ఎలా ఉంటుందో చూసి రా’ అని ఇంతవరకు ఏ ఆటో చెప్పలేదు. ‘వెల్లుల్లి’లో లావత్తులు రెండూ దిగొచ్చి కింది వరుసలోని ‘నికర బరువు’ నెత్తిన కూర్చున్నాయి, కాస్త సర్దు అని ఏ కాకీ అరవలేదు. ఆహార లైసెన్సు నంబరు 14 అంకెలు, శాకాహారపు పచ్చచుక్క, తయారీ తేదీ, ధర: ఇవన్నీ ఆ చిన్న లేబుల్ మీదే ఎక్కడో ఒకచోట ఇరకాలి. ఈ పాట్లన్నీ పడాల్సిన చోట విశ్వానికి నోరు పెగలదు.

ఇలా అంటే వెంటనే డిజైనర్ పౌలా షేర్ పేరెత్తుతారు. 1998లో ఆవిడ సిటీ బ్యాంకు లోగోను మొదటి సమావేశంలోనే చేతిరుమాలు కాగితం మీద గీసేసిందిగా అంటారు. నిజమే, గీసింది. ఆ గీతలో ఉన్నది గొడుగు. ఆ గొడుగు ఆకాశం నుంచి ఊడిపడలేదు. సిటీకార్ప్‌తో కలుస్తున్న ట్రావెలర్స్ కంపెనీ గుర్తే ఎర్ర గొడుగు. ఎదురుగా కూర్చున్న క్లయింటు సొత్తును గమనించి, ‘టి’ అక్షరం కొంకిలో గొడుగు పిడిని చూసింది. ఆ క్షణం వెనక ఆవిడ ఏళ్ల తరబడి చేసిన పని ఉంది. మన వాళ్లు ఆ ఏళ్లను వదిలేసి రుమాలు ఒక్కటే పట్టుకున్నారు. ఇంకో డిజైనర్ మిల్టన్ గ్లేజర్ కూడా ‘ఐ లవ్ న్యూయార్క్’ హృదయం గుర్తును టాక్సీలోనే గీశాడు, ఒప్పుకుంటాను. కానీ అంతకు ముందే ఇంకో డిజైను ఇచ్చి, అధికారుల చేత సరేననిపించుకున్నాడు. పని అయిపోయాక కూడా బుర్ర ఊరుకోని మనిషికి టాక్సీ కలిసొచ్చింది.

యాదృచ్ఛికతతో పని చేయించుకోవడం నేరమేమీ కాదు. 1975లో సంగీతకారుడు బ్రయన్ ఈనో, చిత్రకారుడు పీటర్ ష్మిట్ కలిసి ఒక కార్డుల పెట్టె తెచ్చారు. పని చిక్కుపడ్డప్పుడు ఒక కార్డు తీయాలి, అది చెప్పినట్టు చేసి చూడాలి. అందులో నిజాయితీ ఉంది. పేకలోంచి మనకు గిట్టని మాట కూడా రావచ్చు, వచ్చినా విని తీరాలి. పసుపు ఆటో వాళ్లను ‘నచ్చని కార్డు ఆఖరుసారి ఎప్పుడు తీశారు?’ అని అడిగి చూడండి.

చివరికి ప్రజెంటేషన్ రోజొస్తుంది. ఆటో, పులిహోర, పువ్వు ఒక్కొక్కటే తెర నిండా వస్తాయి. వెనక వేణుగానం. అంతా అయ్యాక పచ్చళ్లాయన గొంతు సవరించుకుంటాడు. “బాగుంది బాబూ. కానీ మూతలు ఎర్రవి కొని గోడౌన్లో పెట్టేశాం. మొదటి రోజే చెప్పాంగా?”

చెప్పారు. బ్రీఫులో రెండో పంక్తిలోనే ఉంది. ఆ కాగితం యాదృచ్ఛికంగా కంటపడలేదంతే.

అదే రాత్రి ఇన్వాయిస్ వెళ్తుంది. సగం అడ్వాన్సు పోను మిగతాది పదిహేను రోజుల్లో, దాటితే వడ్డీ, పైన 18 శాతం జీఎస్టీ, రివిజన్లకు వేరే లెక్క. బ్యాంకు ఖాతా నంబరు మాత్రం రెండుసార్లు సరిచూసుకుంటారు. అందులో ఒక్క అంకె కూడా విశ్వానికి వదలరు.