ఊపిరితిత్తుల డివిజన్, తెల్లకణాల సూపరింటెండెంటు గారికి బహిరంగ లేఖ

మొగల్తూరు

అయ్యా,

మా ఊళ్లో తిట్టినా చివర ‘అండీ’ చేర్చే తిడతాం. కనుక మర్యాదగానే మనవి చేస్తున్నామండి: అర్ధరాత్రి మా ఛాతీలో మీ సిబ్బంది జరిపే సోదాలు ఇక భరించలేం.

దొంగెవరో మాకూ తెలుసు. మురుగునీట్లో పెరిగే క్యూలెక్స్ దోమ కుడితే ఒంట్లో చేరే ఫైలేరియా పురుగు. బోదకాలు చూడని తరం గోదావరి జిల్లాల్లో లేదు. పెద్ద పురుగులు లింఫు నాళాల్లో కాపురం పెడతాయి. పిల్ల పురుగులు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో నక్కి, రాత్రి ఒళ్లంతా తిరుగుతాయి. అందుకే ఫైలేరియా వాళ్లు రక్తం తీయడానికి రాత్రిళ్లు వస్తారు. చాలామంది ఒంట్లో మీరు వీటిని చూసీ చూడనట్టు వదిలేస్తారు. కొందరి దగ్గర మాత్రం మీకు పూనకం వస్తుంది.

మామూలుగా మైక్రోలీటరు రక్తంలో 500 దాటని మీ ఇసినోఫిల్ కణాలు అప్పుడు 3,000 దాటేస్తాయి. ఊపిరితిత్తుల్లో దిగి విషపు ప్రోటీన్లు చిమ్ముతాయి. పురుగు చస్తుంది, కాదనం. కానీ ఆ ప్రోటీనుకు పురుగేదో, గాలిగది గోడేదో తెలియదు. శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. దగ్గు, పిల్లికూతలు, తెల్లవార్లూ మంచం మీద కూర్చోవడం. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టడమంటే ఇదేనండి. తీరా రక్తంలో వెతికితే ఒక్క పిల్ల పురుగూ సాధారణంగా దొరకదు. సాక్ష్యాన్ని మీరే మింగేశారు!

అందుకే నేరం ఎప్పుడూ ఉబ్బసం మీదో క్షయ మీదో పడేది. 1940లో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియం వైద్యులు ఫ్రిమోడ్ట్-మోలర్, బార్టన్ క్షయలా కనిపించే ఈ వేరే జబ్బు గురించి రాశారు. మందేమో మా పొరుగున భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి చలవ. అమెరికాలో లెడర్లీ సంస్థలో ఆయన నడిపిన పరిశోధన నుంచి 1947లో హెట్రజాన్ వచ్చింది. మూడు వారాలు మింగితే చాలామందికి దగ్గు తగ్గుతుంది. ఇక్కడో చిక్కుంది: ఆ మందు తనంతట తాను పిల్ల పురుగును చంపేది తక్కువ, మీ చేతికి చిక్కేలా చేసేదే ఎక్కువ. అంటే మిమ్మల్ని సస్పెండ్ చేయమని అడిగే వీలు కూడా మాకు లేదు.

ఇక మరమ్మతులు. గాలిగది గోడను పరిచే మొదటి రకం కణాలు బహు పల్చన, చస్తే తమలాంటివి పుట్టించలేవు. రెండో రకం కణాలు విభజన చెంది ఆ ఖాళీ పూరిస్తాయి. భక్షక కణాలు శవాలను మింగి, ఇక చాలని కబురు పెడతాయి. ఆ కబురు మీరు వింటే గోడ మళ్లీ గోడే అవుతుంది. వినకుండా ఏళ్ల తరబడి సోదాలు సాగిస్తే ఫైబ్రోబ్లాస్టులు కొల్లాజెన్ పోగులు అల్లేస్తాయి. మచ్చ కట్టిన ఊపిరితిత్తి బిర్రబిగుసుకుపోతుంది, ఆక్సిజన్ సరిగా దాటదు. ఆ మచ్చను హెట్రజాన్ కరిగించలేదు. కొందరిలో మందు వాడాక కూడా మంట సన్నగా రగులుతూనే ఉంటుంది.

కనుక పని ముగిశాక సిబ్బందిని వెనక్కి పిలవండి. రాత్రి దగ్గుతో వచ్చినవాళ్లకు ఇన్‌హేలర్ ఒక్కటే ఇచ్చి పంపకుండా ఇసినోఫిల్స్ లెక్క కూడా చూడమని మా డాక్టర్లకు మేము చెప్పుకుంటాం.

ఇట్లు,
నిద్రలేని మొగల్తూరు వాసులు

నకలు: దోమలకు. చదవవని తెలుసు, రూలు ప్రకారం పంపాం.