ఎడమవైపు దెయ్యాలు

దాదాపు దెయ్యాలన్నీ ఎడమవైపు నుంచే వస్తున్నాయి. కొన్నాళ్ళుగా మా ఇంట్లో ఇదే గొడవ. 1982లో వచ్చిన జడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ కంప్యూటర్ కోసం, దాని ప్రాసెసర్ జడ్80 అసెంబ్లీ భాషలో, నేనిప్పుడు కూర్చుని దెయ్యాల ఆట రాస్తున్నాను. ఎందుకని అడక్కండి, రిటైరైనవాళ్ళని అలాంటివి అడగకూడదు. దెయ్యం ఎటునుంచి వస్తుందో ఆడేవాడికి తెలియకూడదు, రాసిన నాకూ తెలియకూడదు. మా ఆవిడకి మాత్రం తెలిసిపోతోంది. కళ్ళజోడు వెతుక్కుంటూ వచ్చి, తెరవంక ఓ నిమిషం చూసి, "ఇంకో రెండు ఎడమ నుంచి, ఆ తర్వాతది కిటికీలోంచి వస్తుంది చూడండి" అంది. వచ్చింది.

"యాదృచ్ఛిక అంకె కావాలంటే పైథాన్‌లో ఒక్క లైను కదా మావయ్యా!" అన్నాడు మేనల్లుడు. ఒక్క లైనే, కాదన్నదెవరు? ఆ ఒక్క లైను తన సొంత అవసరాలకి రెండున్నర కిలోబైట్ల దాకా పక్కన పెట్టుకుంటుంది. అటారి 2600 అనే పాత ఆటల పెట్టెకి ఉన్న ర్యామ్ మొత్తం కలిపి 128 బైట్లు. నా జడ్80కి గుణకారం ఆదేశం లేదు, భాగహారం లేదు. దేన్నైనా 75తో గుణించాలంటే దానికి 64 రెట్లు, 8 రెట్లు, 2 రెట్లు విడివిడిగా చేసుకుని, అసలుతో కలిపి కూడుకోవాలి. ఈ సంగతి చెబుతుండగానే వాడు ఫోన్ చూసుకోవడం మొదలుపెట్టాడు.

తెలిసినవాళ్ళని అడిగితే అందరిదీ ఒకటే సలహా: "ఆర్ రిజిస్టర్ చదవండి సార్, ఎప్పుడూ తిరుగుతూనే ఉంటుంది." తిరుగుతుంది, నిజమే. మెమరీ చెరిగిపోకుండా చూడటానికి పెట్టిన కౌంటర్ అది. ప్రాసెసర్ ఆదేశం తీసుకున్నప్పుడల్లా పెరుగుతుంది, 127 తర్వాత మళ్ళీ సున్నా. కానీ ఆట ఒకే లూపులో తిరుగుతుంటే ఆ పెరుగుదల కూడా ప్రతిసారీ అంతే. లూపుకి 37 పెరిగితే ప్రతిసారీ 37. సరిగ్గా 64 పెరిగిందా, రెండే రెండు అంకెలు: అది, ఇది, మళ్ళీ అది. సలహా ఇచ్చినవాళ్ళెవరూ ఈ ముక్క చెప్పరు. వాళ్ళ దెయ్యాలు వాళ్ళిష్టం.

పోనీ స్పెక్ట్రమ్ ర్యామ్‌లో... కాదు, రోమ్‌లో సొంత పద్ధతి ఒకటుంది. ఉన్న అంకెకి ఒకటి కలిపి, 75తో గుణించి, 65537తో భాగించి, శేషంలోంచి ఒకటి తీసేస్తుంది. చూడ్డానికి పెద్దమనిషిలాగే ఉంటుంది. కానీ పెట్టె అప్పుడే ఆన్ చేసి ఆర్‌ఎన్‌డి, అంటే యాదృచ్ఛిక అంకె, అడగండి: 0.0011291504. రాహుకాలంలో అడిగినా అదే, అమృతఘడియల్లో అడిగినా అదే.

లోపలి లెక్క తెలిసినవాడికి ఇక జూదమేముంది? దీనికి భారతంలోని మన ఋతుపర్ణ మహారాజే సాక్షి. దమయంతి రెండో స్వయంవరానికి ఆయన హడావిడిగా రథం మీద పోతున్నాడు, తోలుతున్నది బాహుకుడి వేషంలో ఉన్న నలుడు. దారిలో తాండ్రచెట్టు కనబడితే, ఆకులెన్నో కాయలెన్నో చూసీ చూడకుండానే చెప్పేశాడు రాజు. ఇంకొకరైతే "అబ్బో" అని గుర్రాల్ని అదిలించేవాళ్ళు. నలుడు రథం ఆపాడు! అక్కడ ముహూర్తం మించిపోతోంది, రాజు మొత్తుకుంటున్నాడు, పైగా ఆ పెళ్ళికూతురు ఈయన సొంత భార్య. అయినా సరే, చెట్టు పడగొట్టి లెక్కపెట్టందే కదలనన్నాడు. లెక్కపెట్టాడు. సరిపోయింది. భారతంలో వీరులు బోలెడుమంది ఉన్నారు గానీ, ఫలితం కళ్ళతో చూస్తే తప్ప నమ్మని టెస్టింగ్ ఇంజనీరు నాకైతే ఈయనొక్కడే కనిపించాడు. తర్వాత గుర్రాల విద్య ఇస్తానని చెప్పి అక్షహృదయం, అంటే పాచికల రహస్యం, పుచ్చుకున్నాడు. అంతే, అన్నాళ్ళూ ఒంట్లో కాపురమున్న కలి బయటపడి ఆ తాండ్రచెట్టులోనే దూరాడు. చెట్టు పడగొట్టాక అందులో ఎలా దూరాడని నన్నడక్కండి, వ్యాసులవారినడగండి. ఆ కాలపు పాచికలు ఆ తాండ్రకాయలేనని పండితులంటారు. నలుడు వెళ్ళి, జూదంలో తన రాజ్యం గెలుచుకున్న పుష్కరుణ్ణి ఒకే పందెంలో ఓడించి రాజ్యం తెచ్చుకున్నాడు. శకుని చేస్తే మోసం, నలుడు చేస్తే విద్య. నేనెక్కడున్నాను? ఆఁ, ఎడమవైపు.

అందరూ నాలా ఏడవలేదు లెండి. 1982లోనే డేవిడ్ క్రేన్ అటారి 2600కి పిట్‌ఫాల్ రాశాడు. అందులో 255 తెరల అడవి. ఆ అడవి పటం ఎక్కడా దాచిపెట్టలేదు. ఒకే ఒక బైటు. కుడికి నడిస్తే దాని బిట్లు ఒక పద్ధతిలో జరిగి తర్వాతి తెర పుడుతుంది, ఎడమకి నడిస్తే అదే లెక్క వెనక్కి తిరిగి పాత తెర వచ్చేస్తుంది. ఒక్క సున్నా మాత్రం అందులోకి రాకూడదు. వస్తే ఇక అన్నీ సున్నాలే. ఇది చదివాక నాకు రెండు రోజులు అన్నం సయించలేదు.

ఇంతా చేసి ఆడేవాళ్ళకి కావలసింది అసలైన యాదృచ్ఛికత కాదు. వరసగా మూడుసార్లు ఒకటే వస్తే "ఇది తొండి" అంటారు. 1989 నాటి నింటెండో టెట్రిస్‌లో ఇప్పుడొచ్చిన ముక్కే మళ్ళీ రాబోతే యంత్రం ఇంకొక్కసారి ఎంచుతుంది. అయినా పొడుగుముక్క రాలేదని తిట్టనివాళ్ళు లేరు.

స్పెక్ట్రమ్‌కి చివరికి నిజంగా తెలియనిది ఒక్కటే, మనిషి మీట ఎప్పుడు నొక్కుతాడన్నది. లోపల ఒక లెక్క సెకనుకి 50 సార్లు పెరుగుతుంటుంది. వేలు పడిన క్షణంలో అక్కడున్న అంకెతోనే ఆట తలరాత మొదలు. అక్కడికొచ్చాక నాకు నవ్వు రాలేదు. నేను కాలేజీలో కోరుకున్న గ్రూపులో చివరి సీటు నాకన్నా కాస్త ముందుగా వరసలోకి వచ్చినవాడికి వెళ్ళింది. వాడికి ఆ రోజు బస్సు తొందరగా దొరికి ఉంటుంది. మిగిలిన గ్రూపులో కంప్యూటర్లున్నాయి. ఉద్యోగం, ఊరు, పెళ్ళి అన్నీ ఆ వరసలోంచే వచ్చాయి. వాడి పేరు కూడా నాకు తెలియదు.

సరే, నా ఆట ఈ నెలాఖరుకి సిద్ధమవుతుంది. తెర మీద "ఏదైనా మీట నొక్కండి" అని రాగానే గబుక్కున నొక్కేయకండి. కాస్త తల గోక్కుని, కుర్చీ సర్దుకుని, మీకు తోచినప్పుడు నొక్కండి. మా ఆవిడ పక్కనుంటే మరికాస్త ఆగండి.