రిటైరయ్యాక అసలు డ్యూటీ

1920లో తొలి నవల వచ్చేనాటికే కథల డిటెక్టివ్ హెర్క్యూల్ పొయిరో రిటైరైన పోలీసు. 1926లో పల్లెటూళ్లో గుమ్మడి జాతి కాయలేవో పండించుకుంటూ కూర్చుంటే, అక్కడా ఓ శవం తగిలింది! సృష్టించిన అగాథా క్రిస్టీకే ఆయనంటే మొహం మొత్తింది; అభిమానులు వదిలితేగా? 1975లో ‘కర్టెన్’ నవలతో కన్నుమూసేసరికి, లెక్క కడితే వయసు వంద దాటిపోయింది. న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో మరణవార్త కూడా వేసింది.

ఇంత ప్రేమ కురిపించిన అభిమానులకు ఆయన నేస్తం హేస్టింగ్స్ మాత్రం ఉత్త మొద్దావతారం. అయ్యా, ఆఖరి అధ్యాయం దాకా హంతకుణ్ని పక్కన పెట్టి పనిమనిషిని అనుమానించిందెవరు? పాపం హేస్టింగ్స్, మీలా చివరి పేజీ ముందే తిప్పి చూడలేదు!