మేస్త్రీ రేపొస్తాడు

బెజవాడలో ఇల్లు కట్టుకున్నవాడికి జీవితాంతం ఇద్దరితో పేచీ. ఒకరు మేస్త్రీ, రెండోది కాళ్లకింది నేల. మేస్త్రీ రేపొస్తానని చెప్పి రాడు. నేల ఎవరికీ చెప్పకుండా కదులుతుంది. కృష్ణా డెల్టాలో చాలాచోట్ల ఉన్నది నల్లరేగడి. వానలకు నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండలకు కుంచించుకుపోతుంది. మే నెలలో గుడివాడ వైపు చేలల్లో కాలు దూరేంత నెర్రెలు చూసినవాడెవడూ, హాల్లో గోడ బీటిచ్చిందని మేస్త్రీ వంశాన్ని తిట్టడు.

మా బాబాయి తిడతాడు. రిటైరయ్యాక వన్‌టౌన్ వెళ్లి సుత్తి, స్క్రూడ్రైవర్ల సెట్టు, డ్రిల్లు, చిత్రిక కొనుక్కొచ్చాడు. ఆగస్టులో పడమటి గది తలుపు పట్టేసింది.

“వడ్రంగి వచ్చేదాకా ఆగండి,” అంది పిన్ని.

“వాడొచ్చేసరికి నీ మనవడి పెళ్లవుద్ది,” అని బాబాయి తలుపు ఊడదీసి చిత్రిక పట్టాడు. ఆ రోజు తలుపు వెన్నలా కదిలింది, ఇరుగుపొరుగుల్ని పిలిచి మరీ చూపించాడు. వేసవి వచ్చింది. చెక్క ఎండింది. తలుపుకీ గుమ్మానికీ మధ్య వేలు పట్టే సందు.

“ఇప్పుడు వేసినా ఒకటే, తీసినా ఒకటేనండీ. దోమలు మర్యాదగా పక్కనుంచి వస్తున్నాయి,” అంది పిన్ని.

వానాకాలంలో పట్టేసిన తలుపు మీద కోపం వద్దు. రాసుకుపోయేచోట కొవ్వొత్తి రుద్ది, గాలిలో తేమ తగ్గేదాకా ఓపిక పట్టాలి. అప్పటికీ పట్టేస్తే అప్పుడు చిత్రిక. అసలు సంగతి, తలుపు పై అంచుకీ కింది అంచుకీ రంగు వేసినవాళ్లు అరుదు. కనపడవుగా! తేమ మాత్రం సరిగ్గా అక్కణ్ణించే ఎక్కుతుంది.

గోడ బీటలదీ అదే వరస. కనపడగానే సిమెంటు మెత్తితే మరుసటి వేసవికి దాని పక్కనే ఇంకోటి పుడుతుంది. ముందు బీట రెండు చివర్లా పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేయండి. ఏడాదిపాటు గమనించండి. గీత దాటి పాకుతున్నా, బీట వెడల్పవుతున్నా ఇంజనీరుకు చూపించాలి. వెంట్రుకవాసివైతే కాస్త చెక్కి, రంగుల షాపులో దొరికే సాగే ఫిల్లరు నింపితే చాలు. డాబా మీది వాన గొట్టం నీళ్లు పునాది మొదట్లో పోయకుండా దూరంగా మళ్లించండి. ఈ గొట్టం ముక్క ఖర్చుకు వెనకాడినవాళ్లే తర్వాత వాస్తు సిద్ధాంతికి వేలు పోస్తారు.

ఇక చెమ్మ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి బెజవాడలో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఇళ్లను ముంచెత్తింది. ఆ బురద కడుక్కున్నవాళ్ల కష్టం మీద జోకులు లేవు. నవ్వొచ్చేదల్లా, ఆ తర్వాత గోడలకు రంగులేయడానికి మా చుట్టాలు పడ్డ తొందర చూసి. దసరాకు పుట్టీ, దీపావళికి రంగు, సంక్రాంతికి పెచ్చులు. నీళ్లు తాగిన ఇటుక గోడ పండగల క్యాలెండరు చూసి ఆరదు. గోడకు ఒక ప్లాస్టిక్ కాగితం నాలుగువైపులా టేపుతో అంటించి, ఒకట్రెండు రోజులాగి తీయండి. గోడవైపు చెమ్మ పట్టిందా, తేమ ఇంకా లోపలే ఉంది. రంగు డబ్బా మూత తీయకండి.

కర్టెను రాడ్డు బిగించడం గురించి కూడా ఒక మాట. కృష్ణకు ఆవలిగట్టున ఉండవల్లిలో ఒకే కొండను తొలిచి నాలుగంతస్తుల గుహాలయం లేపారు. డ్రిల్లు లేదు, కరెంటు లేదు. మా బాబాయి ఇంట్లో రాడ్డు మాత్రం నెలకోసారి నెత్తిన పడుతుంది, కారణం కన్నం పెద్దది, ప్లగ్గు చిన్నది. బిట్టు సైజూ ప్లగ్గు సైజూ ఒకటే ఉండాలి. స్విచ్‌బోర్డుకు నిట్టనిలువుగా పైనా కిందా అసలు తొలవకూడదు, వైర్లు సాధారణంగా ఆ దారినే గోడలో పోతాయి.

ఫ్యాను నీరసంగా తిరిగితే వెంటనే కొత్తది కొనక్కర్లేదు. తరచూ పాడయ్యేది లోపలి కండెన్సరు, చాలా ఫ్యాన్లకు రెండున్నర మైక్రోఫారడ్‌ది సరిపోతుంది. పాతదాని మీద అంకె చూసి అదే తెచ్చుకోండి. మెయిన్ ఆపకుండా మాత్రం చెయ్యి పెట్టొద్దు. ఇక్కడ ధైర్యవంతులు మాకు అక్కర్లేదు.

ఇంటి మరమ్మతుల్లో సగం పనికి మేస్త్రీ ఆలస్యంగా రావడమే మంచిదని నా అభిప్రాయం. అతను వచ్చేసరికి తలుపు దానంతటదే వదులవుతుంది, గోడ ఆరుతుంది. మిగతా సగానికి మాత్రం ఆలస్యం పనికిరాదు. మార్చిలో డాబాకు రెండు పూతలు తెల్లసున్నం వేయించండి, కింది గదులు ఎండకు అంతగా కాగవు. జూన్‌లో వానలు పడకముందే డాబా తూముల్లో ఆకులు తీసేయండి. ఆ పనికి మేస్త్రీ అక్కర్లేదు, మీరే ఎక్కండి.