హిమప్రస్థానము

పాండవులు మంచుదారి పట్టినది రాజ్యమును పరీక్షిత్తున కప్పగించి, మరలివచ్చు తలంపు లేశమును లేక. బోస్టన్ పరిసరములందలి మారథాన్ వ్రతధారులు మాత్రము తెల్లవారక మునుపే అదే దారి పట్టి, తొమ్మిది గంటలకెల్ల కచేరీలో కుర్చీ నలంకరింపవలసినవారు. వీరి పందెము ఏప్రిల్ మాసపు మూడవ సోమవారమున జరుగును గనుక, సాధన యంతయు డిసెంబరు మొదలు మార్చి వరకు, అనగా ఆ ప్రాంతమున నేల కంటికి కనబడని కాలమునందే, సాగవలసివచ్చుట విధివిలాసము. అందులకు వారిని తప్పుపట్టువా రెవరును లేరు. తప్పుపట్టవలసినది ఆ విధిని సిద్ధాంతముగా మార్చి, చెడ్డ వాతావరణ మన్నది లేనేలేదు, చెడ్డ దుస్తులే కలవని నలుగురిలో ప్రవచించుటను.

సరే, ఆ మంచి దుస్తు లెట్టివో చూతము. చెమట పీల్చు పలుచని చొక్కా యొకటి, దానిపై ఉన్నిది యొకటి, దానిపై గాలి నాపు కోటొకటి. చేతులకు రెండు జతల తొడుగులు. బుగ్గలకు వాసెలిన్ పూత. బూట్ల యడుగున, జారకుండుటకై స్వహస్తములతో బిగించుకొన్న ఇనుప మరలు. ఇంత సన్నాహముతో బయలుదేరిన మహానుభావునకు మూడు మైళ్లు పోవునప్పటికి కనురెప్పలపై మంచు పేరుకొనును. జేబులోని తీపిజెల్లు గడ్డకట్టి పంటికి లొంగదు. సీసా మూత బిగిసికొని చుక్క నీరైనను రాలదు. కాలిబాట మంచుగుట్టల పాలగుటచే నడివీథిలో పరుగెత్తు నీతనిని తప్పించుటకు, మంచు నెత్తు లారీ నడుపువాడు, పాపము, జీతమునకై ఆ చలిలో లేచినవాడు, బ్రేకు నొక్కి పలుకరాని మాట యొకటి పలుకును.

ఆష్‌లాండ్, ఫ్రేమింగ్‌హామ్‌లలో కాపురమున్న మనవారికిని ఈ దీక్ష సోకినది. పందెపు దారి వారి యూళ్ల మీదుగనే పోవుట కారణము కాబోలు. గుంటూరునుండి వచ్చిన తల్లిని "అమ్మా, గడప దాటకు, జారి పడతావు" అని ఇంట కట్టిపడవేసిన కుమారుడే చీకటితో ఆ గడప దాటుచుండ, ఆమె "ఆ జారుడు నీకు లేదా నాయనా?" యని యడుగును. "ఇది ట్రైనింగమ్మా" యని యతడు తలుపు వేసికొనును.

ఇంట ట్రెడ్‌మిల్ ఉన్నది గదా యన్నచో, అది ఖైదీల శిక్ష యని ఈసడింతురు. చరిత్ర వారి పక్షమే: 1818లో విలియం క్యూబిట్ అను ఆంగ్ల ఇంజనీరు ఆ నడకచక్రమును రూపొందించినది కారాగారవాసుల కొరకే. కాని ఆ ఖైదీలు, తమకు పడిన శిక్ష లోకమున కంతకును శ్రేయస్కరమని ఇరుగుపొరుగున కుపన్యసించినట్లు వినము. 110.6 అంగుళముల మంచు కురిసిన 2014-15 చలికాలమున పరుగు మాననివారు మాత్రము, నేటికిని ఆ కథ చెప్పుట మానలేదు.

హిమమే విజయమూలమైనచో, 1991 మొదలు 2000 వరకు వరుసగా పదియేండ్లు బోస్టన్‌లో పురుషుల గెలుపు భూమధ్యరేఖపై నున్న కెన్యావారి పాలగుటకు సమాధానమేమి? 2018లో ఎముకలు కొరుకు చలివానలో జపాను దేశీయుడు యూకీ కవౌచి గెలిచిన సంగతి వీరు సాక్ష్యముగా చూపుదురు. 2012లో ఎండ 30 డిగ్రీలు దాటగా, నిర్వాహకులే మరుసటి యేడు పరుగెత్త వచ్చునని సెలవిచ్చిన సంగతి మరతురు. కెన్యావారికి ఎత్తైన ప్రదేశ మున్నదనియు, దాన నెత్తుటిలో ఎర్రకణములు పెరుగుననియు ఒక వ్రతధారి నాకు విశదీకరించెను. బాగుగనే యున్నది. మరి మంచువలన పెరుగున దేమి యన్నచో, క్షణకాల మాలోచించి, మనోనిబ్బర మనెను. దానికి వేరే పతక మున్నట్లు నిర్వాహకు లింతవరకు ప్రకటింపలేదు.